మొక్కల పదార్థాలతో అల్జీమర్స్ తగ్గుతుందా? ఆ పనిలోనే ఉన్నవాడి జవాబు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారికి డెబ్భై దాటాయి. అల్జీమర్స్ తొలి దశ అని తేల్చి డాక్టరుగారు డోనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. మీరు రాత్రిళ్లు కూర్చుని పసుపులోని కర్కుమిన్, అశ్వగంధ, బ్రాహ్మి, గింకో చెట్టు ఆకుల సారం గురించి చదివారు. ఎలుకల్లో జబ్బు వెనక్కి మళ్లిందన్న పరిశోధన కూడా మీ కంటపడింది. అది నిజమైతే డాక్టర్లు ఎందుకు రాయరు, మందు ఆపి వీటికి మారవచ్చా, పోనీ మందుతో పాటే ఇవ్వవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. బంధువులొకరు హుపర్జిన్ అనే మొక్క పదార్థం సీసా తెచ్చి ఇచ్చారని చివర్లో ఒక ముక్క రాశారు.

ఆ చివరి ముక్క దగ్గరే మొదలుపెడతాను. సీసా ఇంకా తెరవకపోతే తెరవకండి. ఎందుకో కింద చెబుతాను.

నేను డాక్టర్ని కాను. మొక్కల నుంచి రసాయనాలను వేరు చేసి, అవి నాడీకణాల మీద ఏం చేస్తాయో చూసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. కాబట్టి మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు, నా జీతమే వాటి పేరు మీద వస్తుంది. "మొక్కల్లో ఏమీ లేదు, అంతా నమ్మకమే" అనేవాళ్లతోనూ నాకు పేచీయే.

ఎందుకంటే మొక్కల నుంచి వచ్చిన మందులు ఇప్పటికే న్యూరాలజిస్టుల చీటీల మీద ఉన్నాయి. మంచు ఇంకా కరుగుతుండగానే పూసే స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపూల మొక్క ఒకటి ఉంది. దాని దుంపలోని గాలంటమైన్ అనే ఆల్కలాయిడ్ (మొక్కలు తయారు చేసే ఒక రకం రసాయనం) మీద 1950ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్తలు పని చేశారు. ఆ దశాబ్దం చివరికి బల్గేరియాలో దిమితర్ పాస్కోవ్ దాన్ని నివాలిన్ పేరుతో మందుగా తెచ్చాడు. అప్పట్లో అది వాడింది పోలియో వల్ల చచ్చుబడిన కండరాలకు, మతిమరుపుకు కాదు. అల్జీమర్స్ మెదళ్లలో ఎసిటైల్‌కోలిన్ తయారు చేసే ఎంజైమ్ బాగా తగ్గిపోయిందని 1976లో బయటపడ్డాక ఈ పాత మందు మీద మళ్లీ కళ్లు పడ్డాయి. ఎసిటైల్‌కోలిన్ అంటే ఒక నాడీకణం పక్కదానికి కబురు పంపే రసాయనం. పని అవగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఇంకొకటి ఉంటుంది. గాలంటమైన్ ఆ విరగ్గొట్టేదాన్ని అడ్డుకుంటుంది. 2001లో అమెరికాలో అల్జీమర్స్‌కు అనుమతి వచ్చింది. మీ నాన్నగారి డోనెపెజిల్ పూర్తిగా ల్యాబ్‌లో పుట్టిన మందే కానీ, అది చేసే పని కూడా సరిగ్గా ఇదే.

అల్జీమర్స్‌కే వాడే ఇంకో మందు రివాస్టిగ్మైన్, దాని కథ ఇంకా చిత్రమైనది. పశ్చిమ ఆఫ్రికాలో కలబార్ ప్రాంతపు గింజ ఒకటుంది, పరమ విషం. నేరం మోపబడినవాడి చేత ఆ గింజ తినిపించేవారు. చస్తే దోషి, కక్కి బతికితే నిర్దోషి. 1855లో రాబర్ట్ క్రిస్టిసన్ అనే స్కాట్లాండ్ ప్రొఫెసర్ అందులో ఏముందో చూద్దామని తానే కొంచెం తిన్నాడు. ఒళ్లు స్వాధీనం తప్పుతోందని అర్థం కాగానే, గడ్డం గీసుకున్న సబ్బునీళ్లు తాగి కక్కేసి బతికాడు. 1864లో ఆ గింజ నుంచి ఫైసోస్టిగ్మిన్ వేరు చేశారు. అల్జీమర్స్‌లో దాన్ని వాడి చూస్తే జ్ఞాపకం మీద ఏదో ప్రభావం ఉన్నట్టే అనిపించింది. కానీ ఒంట్లో అరగంట, గంట కూడా నిలవదు, వికారం సరేసరి. ఆ అణువును పట్టుకుని, ఎక్కువసేపు నిలిచేలా, మెదడు మీద ఎక్కువగా పని చేసేలా ఆకారం మార్చింది జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో మార్తా వైన్‌స్టాక్. అలా వచ్చిందే రివాస్టిగ్మైన్. 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది, తర్వాత ఒంటికి అంటించుకునే పట్టీ రూపంలోనూ వచ్చింది. గింజకూ పట్టీకీ మధ్య దాదాపు నూట యాభై ఏళ్ల దూరం.

మూడోది పార్కిన్సన్స్‌ది, అంటే వణుకుతో పాటు కదలికలు బిగుసుకుపోయే జబ్బుది. మీరు అడిగింది దాని గురించి కాకపోయినా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం రంగంలో మొక్కలు సాధించిన అతిపెద్ద విజయం అదే. 1913లో మార్కస్ గుగెన్‌హైమ్ ఒక రకం చిక్కుడు గింజల నుంచి ఎల్-డోపా తీశాడు. రెండున్నర గ్రాములు మింగి చూశాడు, విపరీతంగా వాంతులయ్యాయి. దాని గొప్పతనం ఎవరికీ తట్టలేదు. 1937లో దామోదరన్, రామస్వామి అదే పదార్థాన్ని దూలగొండి గింజల్లో కనుక్కున్నారు. అప్పుడూ పెద్దగా ఏమీ జరగలేదు. తాళం తెరిచింది ఇంకో మొక్క. సర్పగంధి వేరులోని రెసర్పిన్ ఇస్తే కుందేళ్లు కదల్లేక చెవులు వాల్చి పడి ఉండేవి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి ఎల్-డోపా ఇచ్చాడు, కాసేపట్లో లేచి తిరిగాయి. రెసర్పిన్ మెదడులో కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని ఖాళీ చేస్తుందని, ఎల్-డోపా దాన్ని నింపుతుందని అలా తేలింది. వియన్నాలో హార్నికీవిజ్ పార్కిన్సన్స్ వచ్చి చనిపోయినవారి మెదళ్లలో డోపమైన్ కొరతను చూపించాడు. 1967లో జార్జ్ కాట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి ఫలితం చూపించాక అది మందుగా నిలబడింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. ఒక మొక్క జబ్బును అనుకరిస్తే ఇంకో మొక్క దానికి విరుగుడు చూపించింది. కొత్తగా చేరిన విద్యార్థులకు నేను మొదట చెప్పే కథ ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మూడింటిలో ఏదీ నాడీకణాలు చావకుండా ఆపదు.

దీపంలో నూనె అయిపోతున్నప్పుడు ఒత్తి ఎగదోస్తాం చూడండి, ఇవి చేసేది ఆ పని. వెలుతురు పెరుగుతుంది, చాలా ఇళ్లలో ఆ కొద్ది వెలుతురే పెద్ద తేడా. నూనె తగ్గడం మాత్రం ఆగదు. గాలంటమైన్ ట్రయల్స్‌లో 70 పాయింట్ల జ్ఞాపకశక్తి పరీక్షలో మందుకూ, మందు లేని ఉత్తుత్తి మాత్రకూ మధ్య ఐదారు నెలలకు కనిపించిన తేడా 3, 4 పాయింట్లు. పార్కిన్సన్స్‌లో లెవోడోపా (ఎల్-డోపాకే ఇంకో పేరు) ఫలితం దీనికన్నా ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అక్కడా కింద జబ్బు తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది.

మొక్కల పదార్థాల గురించి మీరు చదివిన వ్యాసాలన్నీ మాట్లాడేది రెండో పని గురించి, అంటే నూనె పోయడం గురించి. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల్ని కరిగించడం, వాపు తగ్గించడం, ఆక్సీకరణను ఆపడం, చచ్చే కణాల్ని కాపాడడం. మొదటి పనిలో మొక్కలు గెలిచాయి కదా అని రెండోదీ చేస్తాయని అనుకోవడం తేలిక. ఇంతవరకు ఏ మొక్క పదార్థమూ మనుషుల్లో పెద్ద ట్రయల్‌లో అది చేసి చూపించలేదు.

ఎందుకు అని అడిగితే కర్కుమిన్ తీసుకుందాం, ఎందుకంటే దాని లెక్కలు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. గాజు పాత్రలో నాడీకణాల మీద కర్కుమిన్ పని చేయించడానికి మేం సాధారణంగా వాడే గాఢత 10 మైక్రోమోలార్ దగ్గర ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు సుమారు 3,700 నానోగ్రాములు. 2012లో అచ్చయిన ఒక ట్రయల్‌లో అల్జీమర్స్ ఉన్న 36 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 2 గ్రాములు, కొందరికి 4 గ్రాములు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చారు. కర్కుమిన్ తీసుకున్నవారి రక్తంలో దొరికింది మిల్లీలీటరుకు సుమారు 7 నానోగ్రాములు. ఐదు వందల రెట్లు తక్కువ! అదీ రక్తంలో, మెదడులో కాదు. జ్ఞాపకశక్తిలో ఏ మార్పూ లేదు. మింగిన కర్కుమిన్‌లో చాలా భాగం పేగు గోడ దాటదు, దాటినదానికి పేగు, లివర్ కలిసి చక్కెర ముక్కలు తగిలించి బయటికి పంపేస్తాయి. దాన్నీ తప్పించుకున్నది మెదడు రక్తనాళాల కాపలా దాటాలి. ఆ గోడలోని కణాలు ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి, పైగా లోపలికి దూరిన పరాయి పదార్థాలను తిరిగి రక్తంలోకి తోసేసే పంపులు కూడా ఉంటాయి. మొక్కల పదార్థాల్లో ఎక్కువ వాటికి ఆ పంపుల దగ్గరే ప్రయాణం ముగుస్తుంది.

దీనికి జవాబుగా కంపెనీలు మిరియాల్లోని పైపరిన్ కలిపి అమ్ముతాయి. 1998లో కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధనలో పైపరిన్‌తో రక్తంలో కర్కుమిన్ 20 రెట్లు పెరిగిందని వచ్చింది, సీసాల మీద రాసే "2000 శాతం" అదే. 500 రెట్ల లోటులో 20 రెట్లు పెరిగినా ఇంకా 25 రెట్ల లోటే. ఇంకో సంగతి ఎవరూ సీసా మీద రాయరు. పైపరిన్ ఆ పని చేసేది మందుల్ని విరిచే ఎంజైములను అడ్డుకోవడం ద్వారా. అవి కర్కుమిన్ కోసం మాత్రమే ఉన్నవి కావు, నాన్నగారు వేసుకునే వేరే మాత్రల మోతాదూ రక్తంలో మారిపోవచ్చు. బాగా ఇమిడేలా తయారు చేసిన కర్కుమిన్ సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా డాక్టర్లు నమోదు చేశారు. ఇంకో పక్కా చెప్పాలి. 2018లో మతిమరుపు జబ్బు లేని 40 మంది మీద, బాగా ఇమిడే రకం కర్కుమిన్‌తో 18 నెలలు చేసిన ట్రయల్‌లో జ్ఞాపకం కొంత మెరుగైంది. నలభై మంది, జబ్బు లేనివాళ్లు. దాన్ని పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూడాల్సిందే తప్ప, నాన్నగారి విషయంలో ఆధారంగా పట్టుకోలేం.

మా సొంత ల్యాబ్ పరువు తీసే కథ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక మొక్క వేరు నుంచి ముదురు పసుపు పదార్థం తీశాం. అమిలాయిడ్ ముద్దల్ని కొలవడానికి థయోఫ్లావిన్ అనే రంగు వాడతారు, ముద్దలకు అంటుకుంటే అది మెరుస్తుంది. మా పదార్థం కలపగానే మెరుపు పడిపోయింది. మోతాదు పెంచితే ఇంకా పడిపోయింది. వారం రోజులు అందరం నేల మీద నడవలేదు. తర్వాత ఒక జూనియర్ అమ్మాయి, మేం ఎవరం చెప్పకుండానే, ఆ నమూనాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టింది. అమిలాయిడ్ పోగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మా పసుపు పదార్థం ముద్దల్ని కరిగించలేదు, వెలుతురును మింగేసింది, అంతే. ఆ అమ్మాయి చూడకపోతే మేమూ ఒక పేపర్ అచ్చేసేవాళ్లం, మీరూ దాన్ని ఏ అర్ధరాత్రో చదివి ఉండేవారు. రంగున్న, ప్రతిదానికీ అంటుకునే మొక్క పదార్థాలతో ఈ మోసం మామూలే. కర్కుమిన్ అణువు ఇలాంటి పరీక్షలను తప్పుదారి పట్టించే రకమని రసాయన శాస్త్రవేత్తలు 2017లో గట్టిగానే రాశారు.

మీరు చూసిన ఎలుకల పరిశోధన బహుశా 2012 నాటి అశ్వగంధ పేపర్ అయి ఉంటుంది. అది చెత్త పరిశోధన కాదు, నాకు నచ్చిన పేపర్లలో ఒకటి. అశ్వగంధ వేరు సారం ముప్ఫై రోజులు ఇస్తే అల్జీమర్స్ నమూనా ఎలుకల్లో ప్రవర్తన మెరుగై, మెదడులో అమిలాయిడ్ తగ్గింది. అందులో అందమైన విషయం ఏమిటంటే, ఆ సారం మెదడులోకి వెళ్లనక్కర్లేకుండానే, లివర్‌లో ఒక గ్రాహక ప్రోటీన్‌ను పెంచి రక్తంలోకి వచ్చిన అమిలాయిడ్‌ను ఊడ్పించింది. కానీ ఆ ఎలుకలకు వచ్చింది మన జబ్బు కాదు. మనిషి నుంచి తీసిన, మార్పు చెందిన జన్యువును వాటిలో చొప్పిస్తే అమిలాయిడ్ పేరుకుంటుంది. మనిషి మెదడులో జరిగేంత కణాల చావు మాత్రం వాటిలో జరగదు. ముద్దలు తీసేస్తే ఎలుక తేరుకుంటుంది. మనిషిలో గుర్తులు బయటపడేసరికే ఇరవై ఏళ్లుగా లోపల నష్టం జరుగుతూ ఉంటుంది. అమిలాయిడ్‌ను తీసేయడానికే తయారు చేసిన యాంటీబాడీ మందు లెకనెమాబ్, నేరుగా రక్తంలోకి ఎక్కించి, స్కాన్‌లో ముద్దలు పోయాయని చూపించి కూడా, 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. ఆపలేదు. ఒక వేరు పొడి దానికన్నా మిన్నగా పని చేయాలంటే చాలా పెద్ద ఆధారం కావాలి.

ఇందులో మొక్కల్ని ఒంటరిగా నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు. 2002 నుంచి 2012 వరకు అల్జీమర్స్ మందుల ట్రయల్స్‌ను లెక్కగడితే 99.6 శాతం పదార్థాలు విఫలమయ్యాయి, వాటిలో పెద్ద కంపెనీలు ల్యాబ్‌లో కట్టిన అణువులే ఎక్కువ. తేడా ఎక్కడంటే, ల్యాబ్ అణువు ఫెయిలయితే అది పోతుంది. మొక్క పదార్థం ఫెయిలయినా సీసాలో బతికే ఉంటుంది.

గింకో చూడండి. 75 దాటిన 3,069 మందిని సగటున ఆరేళ్లు వెంబడించి, రోజుకు 240 మిల్లీగ్రాములు ఇచ్చి 2008లో ఫలితం ప్రకటించారు. గింకో వేసుకున్నవారిలో 277 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 246 మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చింది. 2012లో 2,800 మందికి పైగా మీద ఐదేళ్ల ఇంకో ట్రయల్ కూడా నివారణ లేదనే చెప్పింది. జబ్బు వచ్చాక లక్షణాలు కాస్త తగ్గుతాయని కొన్ని చిన్న ట్రయల్స్ అంటాయి, కొన్ని కాదంటాయి. నా లెక్కలో నివారణ విషయం మూసిన ఫైలు. నాన్నగారు రక్తం పలచబడే మందులు గానీ ఆస్పిరిన్ గానీ వాడుతుంటే గింకోతో రక్తస్రావం భయం కూడా ఉంది.

ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్ మీద నేను కూడా ఆశ పెట్టుకున్నాను. 119 మంది మీద ఏడాది ట్రయల్, 2015లో అచ్చయింది. మోతాదు రోజుకు 2 గ్రాముల దాకా పెంచారు, ఆ మోతాదు ఆహారంలో రావడం అసాధ్యం. చివరికి చూస్తే రెస్వెరట్రాల్ తీసుకున్నవారి మెదడు ఉత్తుత్తి మాత్ర వారికన్నా ఎక్కువ కుంచించుకుంది. వాపు తగ్గడం వల్ల అలా కనిపించిందని కొందరు వాదించారు. కావచ్చు. ఇంట్లోవాళ్ల మీద అయితే నేను ఆ పందెం కాయను. గ్రీన్ టీలోని ఈజీసీజీ సంగతీ అంతే. పార్కిన్సన్స్‌ను పోలిన మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ అనే జబ్బులో 92 మంది మీద 48 వారాలు ప్రయత్నించారు. జబ్బు తగ్గలేదు, కొందరిలో లివర్ దెబ్బతిన్న గుర్తులు మాత్రం వచ్చాయి. టీ తాగడం వేరు, టీలోంచి ఒక అణువును పిండి గ్రాముల లెక్కన మింగడం వేరు.

"ఫలానాది తాగేవాళ్లకు జబ్బు తక్కువ" అన్న వార్తల గురించి కూడా ఒక మాట. పొగ తాగేవారిలో, కాఫీ తాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువగా కనిపిస్తుందన్నది ఎన్నో సర్వేల్లో వచ్చింది. సరే అని జబ్బు ఉన్నవారికి కెఫీన్ మాత్రలిచ్చి చూశారు, 2017లో ఫలితం లేదని తేలింది. నికోటిన్ పట్టీలు ఏడాది అంటించి చూశారు, 2023లో అదే కథ. జబ్బు గుర్తులు బయటపడడానికి ఎన్నో ఏళ్ల ముందే మెదడులో ఆనందాన్నిచ్చే రివార్డ్ వ్యవస్థ చప్పబడుతుంది కాబట్టి అలాంటివారికి సిగరెట్ తేలిగ్గా అలవాటు కాదేమో, అంటే కారణం తలకిందులేమో అన్న వాదన నాకు సబబుగా అనిపిస్తుంది.

"ప్రకృతి సిద్ధమైంది, హాని ఉండదు కదా" అని మీ లేఖలో ఉంది. మాకు ల్యాబ్‌లో ఎలుకకు పార్కిన్సన్స్ తెప్పించాలంటే ఏం వాడతామో తెలుసా? రోటెనోన్. డెర్రిస్ లాంటి మొక్కల వేళ్లలో ఉండే పదార్థం, ఒకప్పుడు "సహజ పురుగుమందు" అని పేరు. అది కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. దాన్ని వాడిన రైతుల్లో, పురుగుమందు కొట్టేవారిలో పార్కిన్సన్స్ అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువని 2011లో తేలింది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మందులకు లొంగని ఒక రకం పార్కిన్సన్స్ ఎక్కువగా కనిపిస్తే, దానికీ లక్ష్మణ ఫలం వాడకానికీ సంబంధం ఉందని 1999లో రాశారు. ఆ చెట్టులోని అనోనాసిన్ కూడా మైటోకాండ్రియా మీదే పడుతుంది. అదే చెట్టు ఆకుల పొడిని క్యాన్సర్ మందంటూ ఇంటర్నెట్‌లో అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కేసరి పప్పు నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్లు బిగుసుకుపోయే లాథిరిజం వస్తుంది, వచ్చాక పోదు. మొక్క ఈ విషాలను తనను తినేవాటి నరాల మీద దెబ్బ కొట్టడానికే తయారు చేసుకుంటుంది. స్నోడ్రాప్ దుంప, కలబార్ గింజ కూడా ఆ కోవలోవే. మందు దొరికిందీ విషం దొరికిందీ ఒకే చోట.

మాత్ర మంచిదా, మొక్క మంచిదా అన్న వాదనకు దూలగొండి ఒక్కటే నిజాయితీగా జవాబు చెబుతుంది, ఎందుకంటే అక్కడ రెండింటిలోనూ ఉన్నది ఒకే అణువు. గింజల బరువులో 4 నుంచి 6 శాతం దాకా లెవోడోపా ఉంటుంది. 2004లో ఎనిమిది మంది రోగుల మీద పోల్చి చూస్తే 30 గ్రాముల దూలగొండి పొడి మామూలు మాత్రకన్నా సగం సమయంలోనే పని మొదలుపెట్టింది, ఎక్కువసేపు నిలిచింది. 2017లో బొలీవియాలో 18 మంది మీద చేసిన పరిశోధనలోనూ ఒక్కో డోసుకు మంచి ఫలితమే వచ్చింది. మాత్ర దొరకని, కొనలేని చోట ఇది చిన్న విషయం కాదు. కానీ అదే బృందం 14 మందికి వారాల తరబడి ఇచ్చి చూసినప్పుడు సగం మంది మధ్యలోనే ఆపేశారు, కొందరు కడుపు బాధలతో, కొందరు కదలికలు మళ్లీ దిగజారడంతో. మాత్రలో లెవోడోపాతో పాటు కార్బిడోపా ఉంటుంది, అది మెదడు బయట లెవోడోపా వృథా కాకుండా, వాంతులు కాకుండా చూస్తుంది. గింజలో అది లేదు. గుగెన్‌హైమ్‌కు అయిన వాంతులు ఇవే. పైగా సీసా సీసాకూ లెవోడోపా శాతం మారుతుంది. రోజుకు నాలుగు సార్లు లెక్క ప్రకారం వేసుకోవాల్సిన మందులో ఆ తేడా అంటే ఒక పూట బిగుసుకుపోవడం, ఇంకో పూట ఒళ్లు అదుపు లేకుండా ఊగిపోవడం.

బ్రాహ్మి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆ పేరుతో రెండు వేరే మొక్కలు అమ్ముతారు, బాకోపా ఒకటి, మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా ఇంకొకటి. ఆరోగ్యవంతుల్లో బాకోపాతో చిన్న మెరుగు చూపిన చిన్న ట్రయల్స్ ఉన్నాయి. అల్జీమర్స్‌ను అది నెమ్మదింపజేసిందని చూపిన పెద్ద ట్రయల్ లేదు. కడుపులో వికారం, విరేచనాలు రావచ్చు.

ఇక హుపర్జిన్. ఇది నాచులాంటి ఒక చిన్న మొక్క నుంచి 1980లలో చైనా శాస్త్రవేత్తలు తీసిన పదార్థం, అక్కడ మందుగానే వాడతారు. వేరే చోట్ల సప్లిమెంట్‌గా, చీటీ లేకుండా దొరుకుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. పైన చెప్పినవాటిలా ఇది పని చేయని పదార్థం కాదు, బాగా పని చేస్తుంది, మెదడులోకీ వెళ్తుంది. అది అడ్డుకునేది సరిగ్గా డోనెపెజిల్ అడ్డుకునే ఎంజైమ్‌నే. రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపు చేసినట్టే. ఎసిటైల్‌కోలిన్ మెదడులోనే కాదు, గుండెలో, పేగులో, ఊపిరితిత్తుల్లో కూడా ఉంటుంది. అది అతిగా పెరిగితే నాడి నెమ్మదిస్తుంది, కళ్లు తిరిగి పడిపోతారు, వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆ వయసులో ఒక్కసారి పడి తుంటి విరిగితే మతిమరుపు కన్నా అదే పెద్ద సమస్య అవుతుంది. పోనీ లాభమైనా ఉందా అంటే, అమెరికాలో 210 మంది మీద చేసి 2011లో ప్రకటించిన ట్రయల్‌లో 200 మైక్రోగ్రాములు రోజుకు రెండుసార్లు 16 వారాలు ఇచ్చినా జ్ఞాపకశక్తి పరీక్షలో తేడా రాలేదు. రెట్టింపు మోతాదులో కొంత ఆశ కనిపించింది కానీ ట్రయల్ తేల్చాలనుకున్న ప్రధాన ప్రశ్న అది కాదు.

"అయితే డోనెపెజిల్ ఆపి ఇది మొదలుపెడతాం" అంటారేమో. డోనెపెజిల్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 70 గంటలు పడుతుంది, పూర్తిగా పోవడానికి రెండు వారాలు. నిన్న ఆపి ఇవాళ మొదలుపెట్టినా కలిపి వేసుకున్నట్టే. అసలు ఆపడమే నాకు ఇష్టం లేదు. జబ్బు ముదిరిన 295 మంది మీద బ్రిటన్‌లో చేసిన ట్రయల్ 2012లో వచ్చింది. మందు కొనసాగించినవారికన్నా ఆపినవారు రోజువారీ పనుల్లోనూ జ్ఞాపకంలోనూ ఎక్కువ దిగజారారు. మందు వేసుకుంటున్నా ఏమీ మారలేదనిపించడం సహజమే, ఎందుకంటే ఒత్తి దించినప్పుడు గానీ అది ఎంత వెలుగిచ్చిందో తెలియదు.

మీరు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే, నాన్నగారి మందుల పెట్టె ఒకసారి మొత్తం బయటపెట్టండి. ఫ్రెంచ్ నాడీవైద్యుడు చార్కో శిష్యుడు ఆర్డెన్‌స్టైన్ 1867 నాటికే పార్కిన్సన్స్ వణుకుకు బెల్లడోన్నా జాతి మొక్కల పదార్థాలు వాడిన సంగతి రాశాడు. అవి ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునేవి. అదే పని చేసే మందులు ఇవాళ వేరే పేర్లతో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. జలుబు, దురదలకు వేసుకునే పాత రకం అలర్జీ మాత్రలు, చీటీ లేకుండా దొరికే కొన్ని నిద్ర మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ లాంటివి. డోనెపెజిల్ ఒక వైపు లాగుతుంటే ఇవి ఇంకో వైపు లాగుతాయి. నాకు తెలిసిన ఒక పెద్దావిడకు అయోమయం ఒక్కసారిగా పెరిగితే ఇంట్లో అందరూ జబ్బు ముదిరిందని టెన్షన్ పడ్డారు. రోజూ రాత్రి దగ్గు కోసం వేసుకునే సిరప్ ఆపించాక రెండు వారాల్లో మనిషి కుదురుకుంది. బి12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో, చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో కూడా డాక్టరుగారిని అడగండి.

ఆ పెట్టెతో పాటు హుపర్జిన్ సీసాను కూడా తీసుకెళ్లి చూపించండి. దాచిపెట్టకండి, "ఇది వేయలేదు, వేయాలా అని అడుగుతున్నాం" అని చెప్పండి. నాన్నగారి నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటోందో ఆ రోజే చూడమనండి. ఇప్పటికే ఒకటి రెండు మాత్రలు వేసి ఉంటే ఆ సంగతి ముందు చెప్పండి, ఏ రోజు వేశారో గుర్తుంటే ఆ తేదీతో సహా.